గుజ్జు మొలచునా?

మోకాలి గుజ్జు అరిగినదను మాట వినని యిల్లు నేడు తెలుగునాట అరుదు. పూర్వము వాతమనియో వయస్సనియో అనుకొని, నూనె మర్దించుకొని యూరకుండినవారే నేడు స్కాను తీయించి, ఆ నల్లని రేకును కిటికీ వెలుతురున కెత్తి చూచి, తమది రెండవ గ్రేడో మూడవ గ్రేడో తడుముకొనక చెప్పగలుగుచున్నారు. అరుగుట యెంత ప్రచారము పొందినదో, అరిగినదానిని మరల మొలపింతుమనువారి ప్రకటనలును అంతే ప్రచారము పొందినవి. బస్సుల వెనుక రేకులపైనను, టెలివిజనులో వార్తలకును వాతావరణమునకును నడుమను అవియే కానవచ్చుచున్నవి.

ఈ విషయమును గూర్చి ఇద్దరు తెలిసినవారు పట్టుదలతో వాదించుకొనగా వినునవకాశము నాకు లభించినది. ఒకరు వైద్యకళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించి విశ్రాంతి గొన్న ఆచార్యులు. రెండవవారు ఆయన మేనల్లుడే. గుంటూరులో ఎముకల శస్త్రవైద్యుడు. వాదమునకు కారణమైనది మా ప్రక్కయింటి బాలిక. కళాశాల కబడ్డీ జట్టులో కూతకు వెళ్లి, వెనుదిరుగుచు మోకాలు మెలిపడి కూలినది; నెలలు గడచినను వాపు పూర్తిగ తీయలేదు, మెట్లు దిగునపుడు కాలు పట్టుకొనుట మానలేదు. ఎమ్మారైలో తేలినదేమనగా, తొడయెముక క్రింది కొనయందలి లోవైపు గుబ్బపై మూడు చదరపు సెంటీమీటర్లకు పైబడి గుజ్జు ఎముక దాక ఊడిపోయినది. చుట్టును ఉన్నది చక్కగనే యున్నది. కణములను పెంచి నాటవచ్చునని మేనల్లుడు, అట్టి వలలో పడవద్దని మేనమామ చెప్పగా, ఏమియు పాలుపోక తండ్రి ఇద్దరిని ఒక ఆదివారమునాడు తన యింటికే పిలిచెను. నాకు జ్ఞాపకమున్నంత మేర వారి మాటలను క్రింద వ్రాయుచున్నాను.

ఆచార్యులు: నాయనా, ఈయనతో నీవు చెప్పిన మాటలలో ఒక్కటి నాకు మింగుడు పడకున్నది. గుజ్జు మరల వచ్చునంటివట! లండనులో విలియమ్ హంటరను శరీరనిర్మాణవేత్త 1743లో రాయల్ సొసైటీవారి పత్రికలో కీళ్ల మృదులాస్థిని, అనగా ఈ గుజ్జును, గూర్చి వ్రాసి, వ్రణపడిన మృదులాస్థి చాల చిక్కు వస్తువనియు, ఒకమారు నశించినచో అది పూడదనియు తేల్చెను. నేను పాఠము చెప్పినంత కాలమును ఆ నిర్ణయమునకు సవరణ చెప్పవలసిన అగత్యము నాకు కలుగలేదు. రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల మందము గల ఆ పొరలో రక్తనాళము లేదు, నాడి లేదు, రసనాళము లేదు. అందు రమారమి మూడు వంతులు నీరు. తక్కినది కొల్లాజెన్ తంతువుల అల్లికయు, ఆ అల్లికలో చిక్కుకొని నీటిని పట్టియుంచు పెద్ద ప్రోటీన్లును. ఇక కణములందువా, పరిమాణమున నూటికి ఐదు పాళ్లైనను ఉండవు. అవియును ఒకదాని కొకటి దూరముగ, తమ తమ గూళ్లలో బంధింపబడి యున్నవి. చేయి తెగినచో నెత్తురు వచ్చును, గడ్డకట్టును, ఆ గడ్డలోనికి క్రొత్త కణములు వలసవచ్చి గాయమును పూడ్చును. నెత్తురే రాని చోట ఆ పని కెవరు పూనుకొందురు?

వైద్యుడు: మామయ్యా, హంటరు తాను చూచినది చూచినట్లు వ్రాసెను; అందు దోషము లేదు. కాని ఆయన కాలమున మత్తుమందు లేదు, గాయము కుళ్లుటకు సూక్ష్మజీవి కారణమని యెరిగినవారు లేరు, బ్రదికియున్న మనుష్యుని మోకాలిలోనికి తొంగిచూచు సాధనము లేదు. తనంత తాను పూడదనుట వేరు, పూడ్చుటకు వీలులేదనుట వేరు. మీరు చెప్పిన చివరి వాక్యములోనే నా సమాధానమున్నది. నెత్తురు రానిచోట మానదందురు. అట్లయిన నెత్తురును మేమే రప్పింతుము. గాయము గుజ్జువరకే ఆగినచో అది అట్లే యుండును. దాని క్రింది ఎముకను దాటి మజ్జ దాక పోయినచో అచట ఏదో ఒక పదార్థము పెరిగి గుంటను నింపుట మనుష్యులయందును జంతువులయందును కనబడినదే. ఇంగ్లండులో బ్రిస్టల్ వైద్యుడు ప్రైడీ 1959లో ఎముకకు రంధ్రములు తొలచి చూపిన విధానమునకు ఇదియే మూలము. దానినే అమెరికాలో కొలరాడో కొండలయందు, మంచుజారుడు క్రీడాకారుల మోకాళ్లను బాగుచేయుచుండిన స్టెడ్‌మన్ అను వైద్యుడు 1980 దశకమున సూక్ష్మరంధ్ర విధానముగ, అనగా మైక్రోఫ్రాక్చరుగ, తీర్చిదిద్దెను.

ఆ పని యెట్లు జరుగునో ఈయన కొకమారు చెప్పవలెను. చిన్నగంటు గుండ కెమెరాను మోకాలిలోనికి పంపి, నీటితో కీలును ఉబ్బించి, గుంటలో వదులుగ వ్రేలాడు గుజ్జును గీకివేసి, అంచులు నిలువుగ నిలుచునట్లు చక్కజేయుదుము. తరువాత వంకర మొనగల ఒక చిన్న ఉలిని ఎముకపై నిలిపి, మూడు నాలుగు మిల్లీమీటర్ల కొక రంధ్రము చొప్పున అంచుల నుండి నడిమికి పొడుచుకొని వత్తుము. పని సరిగ జరిగినదా లేదా యనుటకు పరీక్ష యేమనగా, నీటి పంపును తగ్గించినంతనే ప్రతి రంధ్రమునుండియు సన్నని నెత్తుటి చారయు, దానితోపాటు మెరయు క్రొవ్వు బిందువులును తెరపై తేలవలెను. తేలనిచో రంధ్రము లోతు చాలలేదన్నమాట. ఆ మజ్జ నెత్తురు గుంటలో గడ్డకట్టి, అందలి కణములు కొన్ని వారములలో క్రొత్త పదార్థముగ మారును.

ఆచార్యులు: క్రొత్త పదార్థమే, ఒప్పుకొంటిని. కాని ఏ పదార్థము? అద్దమువలె నునుపైన మృదులాస్థి కాదు, పీచు మృదులాస్థి. అందు ప్రధానమైనది రెండవరకము కొల్లాజెన్ కాదు, మచ్చలలో నుండు మొదటిరకము. ఒత్తిడికి తాళలేక కొన్నియేండ్లలోనే అది చీలికలగునని మీవారి లెక్కలే చెప్పుచున్నవి; రెండేండ్లు బాగున్నవారు అయిదేండ్లకు మరల మీ గుమ్మముకడకు వచ్చుచున్నారు. దానిని మచ్చ యనుము, నాకు తగవు లేదు. గుజ్జు అనకుము.

ఇంకొకటి విందువా? 1950, 60 దశకములలో అగ్రరాజ్యములు ఆకాశమున ప్రేల్చిన అణుబాంబుల వలన వాయుమండలమున కార్బన్-14 రమారమి రెట్టింపై, 1963 తరువాత క్రమముగ తగ్గుచు వచ్చినది. అది పైరులోనికి, పైరునుండి అన్నములోనికి, అన్నమునుండి దేహములోనికి చేరినది. దీని యాధారముననే డెన్మార్కు శాస్త్రజ్ఞులు మోకాలి మృదులాస్థి వయస్సు కొలచి 2016లో ప్రకటించిరి. బాంబులు ప్రేలునాటికే పెద్దవారైనవారి గుజ్జులోని కొల్లాజెన్‌కు ఆ యధిక కార్బన్ అంటనే లేదు! అనగా బాల్యమున అల్లబడిన అల్లికయే కాటికి పోవువరకు మనతో వచ్చును; పెద్దయైన పిదప దేహము దానిని తిరిగి అల్లుట లేదు. ఆరోగ్యమైన మోకాలియందును అంతే, వ్యాధిగ్రస్తమైన మోకాలియందును అంతే. ప్రకృతియే చాలించుకొన్న పనిని నీ ఉలి చేయించునా?

వైద్యుడు: అల్లిక మారదు, నిజమే, కాని దాని నడుమ నున్న ప్రోటీన్లు మారుచునే యున్నవి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 2019లో చూపినదేమనగా, చీలమండ గుజ్జులోని ప్రోటీన్లు పడుచువి, మోకాలివి నడివయస్సువి, తుంటివి ముదుసలివి. తెగిన అవయవమును మొలపించుకొనగల సాలమాండరు జంతువులలో మరమ్మతును నడుపు సూక్ష్మమైన ఆర్‌ఎన్‌ఏలే మన చీలమండలోను అధికముగ నున్నవట. కావున మనుష్యదేహమున ఈ శక్తి బొత్తిగ లేదనుటకు వీలు లేదు.

ఆచార్యులు: చీలమండ శక్తిని మోకాలికి తెచ్చిననాడు నాకు జాబు వ్రాయుము. ఈ పిల్ల మోకాలు అంతవరకు ఆగదు.

వైద్యుడు: ఆగనక్కరలేదు. మచ్చ వద్దన్నారు గదా. మచ్చ కాని మార్గములును ఉన్నవి. బుడాపెస్టులో హాంగోడీ 1992 మొదలుకొని చేసిన విధానమొకటి: మోకాలిలోనే బరువు తక్కువ పడుచోటినుండి ఎముకతో కూడ గుజ్జును సన్నని గుండ్రని ముక్కలుగ పెకలించి, దెబ్బతిన్న చోట ముందుగ తొలచిన రంధ్రములలో ఒకదాని ప్రక్క నొకటి దిగగొట్టుట. ఇందు నాటునది అసలైన గుజ్జే.

ఆచార్యులు: చీర చినిగినదని కుచ్చెళ్లలోనుండి కత్తిరించి మాసిక వేసినట్లున్నది. మాసిక బాగుగనే యుండును; కుచ్చెళ్ల సంగతియో?

వైద్యుడు: అందుకే అది చిన్న గుంటలకే. మూడు చదరపు సెంటీమీటర్లు దాటిన గుంటకు అన్ని ముక్కలు తీయుట నాకును సమ్మతము కాదు. మరణించిన దాతలనుండి తీసిన తాజా ముక్కలను నాటు పద్ధతి విదేశములయందు కలదు. గుజ్జులో నెత్తురు ప్రసరింపదు గనుక దేహము దానిని తిరస్కరించుట అరుదు. కాని అందలి కణములు శీతలమున కొన్ని వారములే బ్రదుకును; అట్టి నిల్వశాలలు మన ప్రాంతమున సమృద్ధిగ లేవు. ఈ పిల్లకు నేను తలచినది మూడవది.

స్వీడను దేశమున గోథెన్‌బర్గులో బ్రిట్‌బర్గ్, పీటర్సన్ అనువారు 1987లో మొదటిమారుగ రోగి గుజ్జునుండియే కణములను తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి నాటిరి. వారి మొదటి నివేదిక 1994లో వెలువడినది; అందున్నది 23 మంది. తొడయెముక గుంటలకు చేసిన 16 మందిలో 14 మంది బాగుపడిరి; మోకాలి చిప్పకు చేసిన ఏడుగురిలో బాగుపడినవారు ఇద్దరే. ఆ రెండవ సంఖ్యను వారు దాచకుండుటయే నాకు వారిపై గౌరవము కలిగించినది. మొదటి శస్త్రచికిత్సలో బరువు పడని మూలనుండి చిన్న తునుక తీయుదురు. ప్రయోగశాలలో అందలి అల్లికను కరగించి, విడివడిన కణములను కొన్ని వారములు పెంచుదురు. రెండవ శస్త్రచికిత్సలో, ఆనాడు, కాలియెముక పైపొరను కోసి గుంటపై నీరు కారకుండ కుట్టి, దాని క్రిందికి కణములను సూదితో పంపెడివారు. నేడు ఆ కుట్టు లేదు. కొల్లాజెన్ పొరపైననే కణములను పెంచి, గుంట ఆకారమునకు కత్తిరించి, జిగురుతో అంటింతురు. అమెరికా ఔషధశాఖ దాని కనుమతినిచ్చినది 2016 డిసెంబరులో.

ఆచార్యులు: ఆ పొర దేనినుండి చేయుదురో ఈయనకు చెప్పుము.

వైద్యుడు: పందినుండి, మామయ్యా. అడిగినవారికి చెప్పుచునే యున్నాము.

ఆచార్యులు: అడుగనివారికిని చెప్పవలెను. పందియని కాదు నాకు పట్టింపు. వరాహమూర్తి భూమినే మోసినవాడు, మోకాలు మోయడా? నా మోకాలిలోనికి పోవునదేదో నాకు తెలియవలెను, అంతే. అదియట్లుండనిమ్ము. నార్వే మాట నీవు చెప్పక దాటవేసితివి.

(ఇక్కడ మొదటిమారు ఇద్దరి కంఠములును హెచ్చినవి. ఈ నార్వే పరీక్షను గూర్చి వారు పూర్వమును కలహించియున్నట్లు నాకు తోచినది.)

ఆచార్యులు: ఎనుబదిమంది. చీట్లు వేసి నలుబదిమందికి కణములు నాటిరి, నలుబదిమందికి నీ ఉలితో రంధ్రములు పొడిచిరి. అయిదేండ్లకు రెండు వర్గములలోను విఫలమైనవారు తొమ్మండుగురేసి. పదునాలుగు, పదునైదేండ్ల పిదప చూడగా, కణములు నాటినవారిలో పదునేడుగురికి, రంధ్రములు పొడిచినవారిలో పదుమువ్వురికి చికిత్స విఫలమైనది. భేదము లెక్కకు నిలుచునంతది కాదు. పరీక్షకు వచ్చినవారిలో రమారమి సగము మందికి ఎక్స్‌రేలో కీలు అరుగుదల ఆరంభమే కనబడినది, ఏ వర్గమున చూచినను. లక్షలు పోసి, రెండుమార్లు కత్తి క్రింద పడుకొని, తుదకు ఉలితో సమానమైన ఫలమా?

వైద్యుడు: ఆ పరీక్షలో వాడినది పైపొర కుట్టు కాలపు విధానము. దాని తరువాత 144 మందిపై జరిగిన పరీక్ష 2014లో వెలువడినది. అందు మూడు చదరపు సెంటీమీటర్లు, అంతకు మించిన గుంటలనే తీసికొనిరి, అనగా ఈ పిల్లకున్నట్టివి. పొరపై పెంచిన కణములు నాటినవారికి, రంధ్రములు పొడిచినవారికంటె నొప్పియు కదలికయు రెండేండ్లకు మెరుగుగ నుండెను; అయిదేండ్లకును ఆ మెరుగు నిలిచినది.

ఆచార్యులు: ఆ పరీక్షలోనే తునుకలు తీసి సూక్ష్మదర్శినిలో చూచిరి గదా; రెండు వర్గముల గుజ్జు నాణ్యమునను తేడా కనబడెనా?

వైద్యుడు: కనబడలేదు.

ఆచార్యులు: ఆహా.

వైద్యుడు: అట్లు ఆహా యనినచో చాలదు. రోగి మెట్లు దిగుచున్నాడు, నిద్రించుచున్నాడు. సూక్ష్మదర్శినికి తృప్తి కలుగలేదని నే నేడువవలయునా?

ఆచార్యులు: నీవే యిప్పుడు నా మాట పలికితివి. రోగి సుఖమునకును గుజ్జు మొలచుటకును ఉన్నదనుకొన్న ముడి అంత గట్టిది కాదు. స్ప్రిఫెర్మిన్ అను మందు సంగతి చూడుము. కీలులోనికి సూదితో ఎక్కించు పెరుగుదల కారకమది; 549 మందిపై పరీక్షించి 2019లో ఫలితము ప్రకటించిరి. హెచ్చు మోతాదు పొందినవారికి రెండేండ్లలో ఉత్తుత్తి మందు పొందినవారికంటె గుజ్జు మందము మిల్లీమీటరులో ఇరువదవ వంతు అధికమైనది. మీరు వేయికండ్లతో ఎదురుచూచినది జరిగినది! కాని నొప్పి? ఉత్తుత్తి మందువారికెంత తగ్గినదో వీరికిని అంతే. నాడి లేని పదార్థమున నొప్పి యుండదని మొదటి యేటి విద్యార్థికి తెలియును. నొప్పి పుట్టునది క్రింది ఎముకలో, చుట్టునున్న లోపొరలో, కీలు సంచిలో. గుజ్జు మందము పెంచుట నొప్పికి మందగునని యెవరు చెప్పిరి?

(నేను వైద్యుడను కాను. కాని ఆ సాయంకాలము విన్న మాటలలో నన్ను మిక్కిలి నిలువరించినది ఇదియే. గుజ్జు అరిగి నొప్పి పుట్టుచున్నదని మనమందరమును ఎంత సులువుగ ననుకొనుచున్నాము! స్కానులో గుజ్జు చాలవరకు పోయినను నడకకు వెరవనివారును, కొంచెమే పోయినను మంచము దిగలేనివారును ఒకే వీథిలో నుండుట నేనే యెరుగుదును. కారణము మాత్రము ఆనాడు గాని తట్టలేదు.)

వైద్యుడు: మామయ్యా, ఇక్కడనే మీతో నాకు అసలైన భేదము. స్ప్రిఫెర్మిన్ పరీక్షకు వచ్చినవారెవరు? కీలంతయు అరిగిన పెద్దవారు. ఈ పిల్లకున్నది అరుగుదల కాదు, గుంట. చుట్టును గుజ్జు చక్కగ నున్నది, కీలు నడుమ మెత్తగనుండు మెనిస్కస్ నిలిచియున్నది. ఆ గుంట అడుగున దిగంబరమైన ఎముక ప్రతి అడుగునను ఒరయుచున్నది, ఎమ్మారైలో ఆ ఎముకలో నీరు చేరినట్లు తెల్లగ కనబడుచున్నది. నొప్పి ఎముకలో పుట్టునని మీరే సెలవిచ్చితిరి. ఆ ఎముకకు కప్పు వేయుటయే నేను చేయునది. బజారులో వారు ఇరువది యేండ్ల పిల్ల బాగుపడిన కథను అరువది యేండ్లవారికి చూపి డబ్బు గుంజుచున్నారని మీరు ప్రతిదినము కోపింతురు. ఆ కోపము న్యాయమైనదే. కాని మీరు చేయుచున్నదేమి? అరువది యేండ్లవారికి విఫలమైన కథను ఈ ఇరువది యేండ్ల పిల్లకు చూపి బెదరించుచున్నారు. వస్తువు రెండు వైపులను మారుచునే యున్నది.

ఆచార్యులు (కొంచెము సేపు మాటాడక): వయస్సు భేదమును, గుంట అరుగుదలల భేదమును నేనెరుగుదును. కాని ఆ భేదమును పాటింపవలసినవారు మీరు. మీ వీథిలోనే వెలసిన శాలలను చూడుము. ప్రతి వృద్ధునికి ప్లేట్‌లెట్ల సూది! ఆస్ట్రేలియాలో 288 మందికి ప్లేట్‌లెట్ల రసమునకు బదులు సగము మందికి ఉప్పునీరు ఎక్కించి చూడగా, సంవత్సరమునకు నొప్పిలోను గుజ్జు పరిమాణములోను లెక్కకు నిలుచు భేదము లేదని 2021లో తేలినది. ఆ వార్త ఆ ప్రకటనల కేల చేరదు?

వైద్యుడు: చేరదు, చేరనీయరు. నేను దానిని సమర్థింపను. స్టెరాయిడు సూది మాట కూడ మీరనక ముందే నేనే చెప్పెదను: మూడు నెలల కొకటి చొప్పున రెండేండ్లు పొడిచినచో గుజ్జు మరింత తరిగినదనియు, నొప్పికి ఉప్పునీటికంటె మేలు లేదనియు 2017లో వెలువడినది. కీలు కడుగుట 2002లోనే పోయినది. అమెరికాలో హ్యూస్టనున 180 మందిలో కొందరికి ఊరక చర్మముపై గంట్లు పెట్టి కుట్టివేసినను కడిగినవారితో సమానముగనే బాగుంటిమనిరి. గ్లూకోసమీను బిళ్లలును 2006లో అట్లే పోయినవి. ఇవన్నియు మీ ఖాతాలో వ్రాసికొనుడు.

ఆచార్యులు: మూలకణములు?

వైద్యుడు: వానిని ఒక్క మాటతో కొట్టివేయుట కుదరదు. దక్షిణ కొరియాలో బొడ్డునెత్తుటినుండి తీసిన మూలకణముల చికిత్సకు 2012లో అనుమతి దొరికినది. మన దేశమున రోగి గుజ్జు కణములతోనే చేయు చికిత్సకు 2017లోను, బెంగుళూరులో ఎముకమజ్జ మూలకణములతో రూపొందిన సూదిమందుకు 2022లోను ఔషధ నియంత్రణాధికారి అనుమతినిచ్చెను. అనుమతి పొందినవానిని గూర్చి ఎంత ఫలమో వాదించుకొనవచ్చును. కాని పొట్ట క్రొవ్వును అప్పటికప్పుడు చిలికి మూలకణములని పేరుపెట్టి మోకాలిలోనికి పొడుచువారు వేరు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకముల ప్రకారము అట్టివి పరిశోధనలో తప్ప, రుసుము తీసికొని చేయరాదు.

ఆచార్యులు: చేయరానివి చేయువారి బోర్డులే పెద్దవి.

వైద్యుడు: మీ హృదయమును కొంచెము చల్లబరచు వార్త యొకటి చెప్పెదను. స్విట్జర్లండులో బాసెల్ నగరమువారు పదిమంది రోగుల ముక్కు దూలమునుండి ఆరు మిల్లీమీటర్ల తునుక తీసి, ప్రయోగశాలలో గుజ్జుముక్కగ పెంచి, మోకాలి గుంటలో అతికి, ఫలితమును 2016లో ప్రకటించిరి. ముక్కు కణములు వయస్సుతో అంతగ చేవచావవట. మోకాలికి పోయి అచటి పనిని నేర్చుకొన్నవి.

ఆచార్యులు: అట్లా! సుశ్రుతుడు తెగిన ముక్కుకు చెక్కిలి చర్మము తెచ్చెను. ముక్కు ఆ ఋణమును ఇన్నాళ్లకు మోకాలికి తీర్చుచున్నదన్నమాట. ఇది నాకు నచ్చినది. పదిమందే యనుట మాత్రము మరువకుము.

వైద్యుడు: మరువను. ఇక మీ మోకాలి మాట. మీకును ఎక్స్‌రేలో అరుగుదల యున్నది. మీకు కణములు నాటుదునని నేనెన్నడైన నంటినా?

ఆచార్యులు: అనలేదు. బరువు తగ్గుమంటివి, అది మరింత కఠినము.

వైద్యుడు: ఒక కిలో తగ్గినచో ప్రతి అడుగున మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని కొలిచి చూపిరి. తొడ కండరములకు వ్యాయామము, కాలు దొడ్డిగ వంగియున్నచో ఎముకను సరిచేయుట, అన్నియు మించినచో కీలు మార్పిడి. మీ వంటివారికి ఇవే. ఈ పిల్లకు కీలు మార్పిడి చేయగలమా? లోహపు కీలు కొన్ని దశాబ్దములలో సడలును. నడివయస్సుకే రెండవది, ఆపై మూడవది. అందుచేత పదునైదేండ్లు గడిపించు మరమ్మతైనను ఆమె విషయమున చిన్న వస్తువు కాదు.

ఆచార్యులు: గడిపించునదని చెప్పుము, గుజ్జు మొలచునని చెప్పకుము. నే నడుగునది అంతే. మరియు తరువాతి శ్రమను మొదటనే చెప్పుము. నెలన్నర రెండు నెలలు చంకకర్రలపై, కాలు పూర్తిగ మోపరాదు. ఈ యింటివారు మధ్యతరగతి వారు, గడచిపోవును. దినకూలికి పోవు ఆడుమనిషికి ఇదే గుంట పడినచో రెండు నెలలు కాలు మోపవద్దని నీవు చెప్పినంత సులువుగ ఆమె వినగలదా? నాటిన కణములు పొలమున నడుము వంచి నిలుచుటకు సెలవిచ్చునా? మీ పరీక్షలన్నియు తిండికి లోటులేనివారి మోకాళ్లపై జరిగినవి.

వైద్యుడు: ఆ ప్రశ్నకు నావద్ద సమాధానము లేదు, మామయ్యా. అట్టివారికి నేను రంధ్రములే పొడుచుచున్నాను. ఒకమారే శస్త్రచికిత్స, ఖర్చు తక్కువ. అదియు సరిగ విశ్రాంతి లేక చెడుటను చూచితిని.

ఇంతవరకు ఊరకున్న తండ్రి అప్పుడు నోరు విప్పి, పిల్ల మరల కబడ్డీ ఆడునా యని అడిగెను. సంవత్సరము గడచిన పిదప, తొడ బలము రెండవ కాలితో సరిపోలినచో ఆడవచ్చునని వైద్యుడు చెప్పగా, ఆచార్యులు తల అడ్డముగ నూపి, కూత పెట్టి వెనుకకు మెలితిరుగు ఆట ఆ మోకాలికి తగినది కాదనియు, ఈతకో సైకిలుకో మారుమనియు గట్టిగ పలికిరి. దానిపై వారు మరల కొంతసేపు పట్టుబట్టిరి, ఎవరును వెనుదీయలేదు. తుదకు కుదిరినదేమనగా, మొదట కెమెరాతో లోపల చూచుటయే జరుగవలెను. మెనిస్కస్ నిలిచియుండి, గుంట అంచులు గట్టిగ నున్నచో తునుక తీయవలెను. కాలు వంకర యున్నట్లు నిలువు ఎక్స్‌రేలో తేలినచో దానిని సరిచేయకుండ కణములు నాటరాదు. ఈ మూడవదానిని వ్రాసి యిమ్మని ఆచార్యులు కోరగా, వైద్యుడు కాగితముపై వ్రాసి సంతకము చేసెను.

అప్పుడు బాలిక తనకు మార్చిలో పరీక్షలున్నవనియు, చంకకర్రలతో వెళ్లి వ్రాయవచ్చునా యనియు అడిగినది.

వైద్యుడు: వ్రాయవచ్చును. మేడమీది గది వద్దని, క్రింది అంతస్తున చోటు కల్పింపుమని ఇప్పుడే మీ ప్రిన్సిపాలుకు అర్జీ పెట్టుకొనుము. నేను ధ్రువపత్రము నిచ్చెదను.

ఆచార్యులు: కెమెరా పెట్టునాడు నేనును వచ్చెదను. ఆ గుంట అంచును నా కంటితో చూచిన పిదప కబడ్డీ తగవు తీర్చుకొందము.

వైద్యుడు: రండు, మామయ్యా. కాని తెర ప్రక్క నిలిచి మా నర్సులకు పాఠము మొదలుపెట్టరాదు.